దహబ్ సమీక్ష: పడవ ఎక్కకుండా పగడాల దాకా, విశాఖ లెక్కల్లో

ఎర్రసముద్రం అనగానే మన ట్రావెల్ ఏజెంట్లు ముందు చూపించేది హుర్గాదా, షర్మ్ ఎల్ షేక్‌లలోని పెద్ద రిసార్టులే. మూడు పూటలా భోజనం, నాలుగు ఈతకొలనులు, చేతికో ప్లాస్టిక్ పట్టీ. సెలవు అంటే విశ్రాంతే అనుకునేవాళ్లకి అవి బాగానే ఉంటాయి. నీళ్లలోకి దిగడమే అసలు పని అనుకునేవాళ్లకి, అందులోనూ డబ్బు లెక్క చూసుకుని వెళ్లేవాళ్లకి మాత్రం దహబ్ చెబుతాం. సినాయ్ ద్వీపకల్పంలో అకబా సింధుశాఖ ఒడ్డున ఉన్న ఊరిది. బెదూయిన్ల జాలరి పల్లెగా మొదలైంది. దహబ్ అంటే అరబీలో బంగారం. అక్కడ పగడపు దిబ్బ ఒడ్డునే మొదలవుతుంది కాబట్టి సిలిండర్ వీపున వేసుకుని నడిచి దిగుతారు. పడవ అద్దె, డీజిల్, సిబ్బంది కూలి మన బిల్లులోకి రావు. దహబ్ చవక కావడానికి అసలు కారణం ఇదే.

విశాఖ దగ్గరి రుషికొండలో డైవ్ చేసినవాళ్లకి తేడా తల నీళ్లలో పెట్టగానే తెలుస్తుంది. మన తీరంలో భీమిలి దగ్గర గోస్తని మొదలు అటు నాగావళి, వంశధార, ఇటు గోదావరి దాకా నదులన్నీ బురద మోసుకొచ్చి కలిపేవే. దానికి తోడు ఇసుక అడుగు, అలల పోటు. నీళ్లు తేటగా ఉన్న రోజు దొరకడం అదృష్టం. ఎర్రసముద్రంలో కలిసే పెద్ద నది ఒక్కటీ లేదు, వాన పేరుకే. అందుకే ఇరవై, ముప్పై మీటర్ల దూరంలోని చేప కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అలాగని రుషికొండ డైవింగ్‌ని తక్కువ చేయక్కర్లేదు. మసక నీళ్లలో తోడు డైవర్‌ని వదలకుండా ఉండటం అలవాటైనవాళ్లు దహబ్‌లో చాలా నెమ్మదిగా, నమ్మకంగా డైవ్ చేస్తారు.

ముందు డబ్బు సంగతి. దహబ్‌లో రెండు కరెన్సీలు నడుస్తాయి. డైవింగ్ ధరలన్నీ యూరోల్లో, తిండి, టాక్సీ, చిన్న గది అద్దె ఈజిప్షియన్ పౌండ్లలో. 2024 మార్చిలో ఈజిప్టు తన పౌండును మార్కెట్‌కి వదిలేశాక డాలరుకు 31 దగ్గర ఉన్నది 47 దాటిపోయింది. అంటే పౌండ్లలో ఖర్చయ్యేదంతా మనకు తేలిక, యూరోల్లో అయ్యేదే బరువు. బేరం చేయాల్సింది గది దగ్గర కాదు, డైవ్ సెంటర్ దగ్గర. రోజుకు రెండు డైవులు, అద్దె సామానుతో కలిపి 50 నుంచి 70 యూరోలు వేసుకోండి. ఐదు రోజులకు పది డైవుల ప్యాకేజీ అడిగితే ఒక్కో డైవుకు ధర తగ్గుతుంది. అడిగేటప్పుడు సిలిండర్, బరువులు, గైడ్, జీపు, ప్రవేశ రుసుము, పన్ను ఇవన్నీ కలిపేనా అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి. "అన్నీ కలిపే" అన్న మాటలో సామాను అద్దె, బ్లూ హోల్ అనే లోతైన సముద్రపు గుంత దగ్గర ప్రవేశ రుసుము ఉండకపోవడం మామూలే.

మన ఊళ్లో అమ్మే "డైవింగ్‌తో కలిపి" ప్యాకేజీల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. చాలావాటిలో ఆ డైవింగ్ అంటే హోటల్ కొలనులో అరగంట సిలిండర్ తగిలించి తిప్పడం. ప్యాకేజీగా కొంటే దాని మీద టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను) కూడా కడతాం. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. టికెట్, గది, డైవింగ్ విడివిడిగా కొనుక్కోవడమే మేలు. మధ్యాహ్న భోజనం కలిపి అమ్మే రిసార్టు గది డైవర్‌కి ఇంకా నష్టం. తొమ్మిదింటికి డైవ్ సెంటర్‌కి పోయి నాలుగింటికి వచ్చే మనిషి కట్టిన భోజనం ఎప్పుడు తింటాడు?

విశాఖ నుంచి నేరుగా పోయే దారి లేదు. హైదరాబాద్, ముంబై లేదా ఢిల్లీ చేరి, అక్కడి నుంచి కైరోకి గానీ గల్ఫ్ మీదుగా షర్మ్‌కి గానీ వెళ్లాలి. షర్మ్ విమానాశ్రయం నుంచి దహబ్ సుమారు 90 కిలోమీటర్లు, గంటా గంటన్నర కారు ప్రయాణం. కైరో నుంచి బస్సు చవకే. అయితే దారిలో చెక్‌పోస్టులు ఎక్కువ, ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. నిద్రలో లేపి పాస్‌పోర్టు అడుగుతారు కాబట్టి దాన్ని డిక్కీలోని పెట్టెలో పెట్టకూడదు. కైరోలో దిగి రాత్రి బస్సెక్కి, తెల్లారగానే డైవ్ పెట్టుకోవడం మాత్రం తప్పు. నిద్ర లేకుండా, నీళ్లు తాగకుండా ఎండిపోయిన ఒంటితో దిగితే డీకంప్రెషన్ జబ్బు (పైకి వచ్చాక ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) ముప్పు పెరుగుతుంది. మొదటి రోజు స్నార్కెల్ (నోట్లో గొట్టంతో నీటి పైనే తేలుతూ చూడటం) చాలు.

వీసా చేతికొచ్చాకే డబ్బు వాపసు రాని టికెట్ కొనండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. షర్మ్‌లో దిగితే సినాయ్‌కి వీసా అక్కర్లేదు, స్టాంపు చాలు అని నెట్‌లో కనిపించే మాట ఐరోపా, అమెరికా వంటి దేశాల పాస్‌పోర్టులవారికి. మనకు వర్తించదు. ఇంకొకటి, డ్రోన్ తీసుకెళ్లొద్దు. అనుమతి లేని డ్రోన్‌ని ఎయిర్‌పోర్టులోనే పట్టేస్తారు.

ఎప్పుడు వెళ్లాలి అంటే అక్టోబరు, నవంబరు. వేసవంతా కాగిన నీళ్లు అప్పటికింకా 25, 26 డిగ్రీల దగ్గర ఉంటాయి, బయట ఎండ మాత్రం దిగిపోతుంది. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న అని విశాఖలో ఎవరికీ గుర్తు చేయక్కర్లేదు. ఆ నెలల్లో మన తీరంలో డైవ్ ఎప్పుడు రద్దవుతుందో చెప్పలేం, అక్కడేమో సముద్రం అప్పుడే బాగుంటుంది. పిల్లల సెలవులకు కట్టుబడాలంటే మే నెల కూడా బాగానే ఉంటుంది. సంక్రాంతి సెలవులకు వెళ్లేవాళ్లు చలికి సిద్ధపడాలి. నీళ్లు 22 డిగ్రీలకు దిగుతాయి, పైన ఉత్తరపు గాలి. రుషికొండలో 3 మిల్లీమీటర్ల సూటుతో సరిపెట్టుకున్నవాళ్లు అక్కడ 7 మిల్లీమీటర్లది అడగాలి. నలభై నిమిషాల డైవులో చలి మొదట వేళ్లను కాదు, గాలిని తినేస్తుంది. వణుకు మొదలైతే శ్వాస పెరిగి సిలిండర్ ముందే అయిపోతుంది.

ఇంట్లోనే ముగించుకుని వెళ్లాల్సిన పనులు మూడున్నాయి. మొదటిది ఈత. ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ కోర్సుకు ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలి ఉండాలి. 25 మీటర్ల కొలనులో ఎనిమిది పొడవులు. సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగినా ఈత రానివాళ్లు విశాఖలో ఎక్కువే. బీచ్ రోడ్డులోని జీవీఎంసీ కొలనులో నెల రోజుల ముందు నుంచి సాధన మొదలుపెడితే అక్కడ కోర్సు మధ్యలో ఆగదు. రెండోది పాఠాలు. థియరీని ఆన్‌లైన్‌లో ఇక్కడే పూర్తి చేస్తే అక్కడ గదిలో కూర్చుని వీడియోలు చూసే రోజున్నర మిగులుతుంది. మూడోది వైద్య ప్రశ్నావళి. ఆస్తమా, బీపీ మందులు, చెవి ఆపరేషన్, ఫిట్స్ వీటిలో దేనికి "అవును" అని రాసినా డాక్టర్ సంతకం లేనిదే నీళ్లలోకి దించరు. ఆ ఫారం ముందే ప్రింట్ తీసి మీ డాక్టర్‌తో సంతకం పెట్టించుకుని వెళ్లండి. అక్కడ డాక్టర్‌ని వెతుక్కుంటే ఒక రోజు, ఫీజు రెండూ పోతాయి. అబద్ధం రాసి తప్పించుకోవడం మాత్రం ప్రాణాలతో బేరం.

సామానంతా మోసుకుపోవక్కర్లేదు. మాస్క్ ఒక్కటి సొంతది ఉండాలి. పట్టీ వెనక్కి తీసేసి, మాస్క్ ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీలిస్తే చేయి తీసేసినా అది అంటుకుని ఉండాలి. పడిపోతే ఆ కొలత మీది కాదు. మీసం ఉన్నవాళ్లకి ముక్కు కింద నుంచి నీళ్లు కారతాయి. అక్కడ ఒక గీత మేర ట్రిమ్ చేసుకుంటే ఆగుతుంది. కొత్త మాస్క్ అద్దానికి లోపల ఫ్యాక్టరీ పొర ఉంటుంది. తెల్ల టూత్‌పేస్టుతో మూడు నాలుగు సార్లు రుద్ది కడగకపోతే డైవంతా ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు పవర్ అద్దాల మాస్క్ ఇక్కడే చేయించుకోవాలి. అక్కడి అద్దె మాస్కుల్లో మీ నంబరు దొరుకుతుందన్న నమ్మకం లేదు.

దహబ్‌లో డైవ్ సెంటర్లు ప్రతి సందులోనూ ఉంటాయి, ధరల్లో తేడా కొద్దిగానే. ఈజిప్టులో వీటికి లైసెన్సు ఇచ్చేది సీడీడబ్ల్యూఎస్ అనే డైవింగ్ చాంబర్. గోడ మీద ఆ పత్రం చూడండి, గడువు తేదీతో సహా. అది చూశాక రెండు పనులు చేయండి. అద్దె రెగ్యులేటర్‌ని (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరం) సిలిండర్‌కి తగిలించి గేజి వైపు చూస్తూ నాలుగు సార్లు గట్టిగా పీల్చండి. ముల్లు ఊగితే సిలిండర్ వాల్వు పూర్తిగా తెరవలేదనో, ఫిల్టర్ మూసుకుపోయిందనో అర్థం. రెండోది, ఆక్సిజన్ కిట్ ఎక్కడుందని అడగండి. తడుముకోకుండా చూపిస్తే మంచి సెంటర్. ఒక గైడ్‌కి ఎంతమంది అని కూడా అడగాలి. కొత్తవాళ్లతో కలిపి నలుగురు దాటితే వేరే చోట చూసుకోవడం మంచిది. ఐదు యూరోలు తక్కువకు ఎనిమిది మందితో తిప్పే సెంటర్ ఏ విధంగానూ చవక కాదు. ఆ గుంపులో ఒకరి గాలి అయిపోతే అందరూ పైకి రావాల్సిందే.

బరువుల దగ్గర మనవాళ్లు దాదాపు అందరూ తడబడతారు. మామూలు సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే అక్కడ 40 ఉంటుంది. మన తీరంలో వానాకాలం దాటాక నదుల నీళ్లు కలిసి 35 కన్నా బాగా తగ్గిపోతుంది. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు ఎక్కువ తేలుతుంది. దానికితోడు సూటు మందం పెరిగింది. కాబట్టి రుషికొండలో నాలుగు కిలోలతో దిగినవాళ్లకి అక్కడ ఉప్పుకే మరో కిలో, 5 లేదా 7 మిల్లీమీటర్ల సూటుకు ఇంకా రెండు మూడు కిలోలు పడుతుంది. ఊహించి కట్టుకోవడం కాకుండా పరీక్షించి చూడాలి. మెడ లోతు దాటిన నీళ్లలో బీసీడీ (తేలడానికి గాలి నింపే జాకెట్) గాలంతా వదిలేసి, మామూలు శ్వాస బిగబట్టి నిలబడితే నీటి మట్టం కళ్ల దగ్గర ఆగాలి. శ్వాస వదలగానే మెల్లగా మునగాలి. ఇది నిండు సిలిండర్‌తో చేస్తే మరో రెండు కిలోలు కలపండి. ఎందుకంటే ఒత్తిడి 200 బార్ నుంచి 50 బార్‌కి వచ్చేసరికి సిలిండర్‌లోంచి రెండు కిలోల గాలి పోతుంది. ఖాళీ అవుతున్న అల్యూమినియం సిలిండర్ బెండులా పైకి లాగుతుంది. ఆ రెండు కిలోలు లేనివాళ్లకే పైకి వచ్చేముందు ఐదు మీటర్ల దగ్గర ఆగాల్సిన మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్ నిలవదు. బరువు మరీ ఎక్కువైతే అడుగున మోకాళ్లు తగిలి పగడాలు విరుగుతాయి. ఏళ్ల తరబడి పెరిగిన కొమ్మ ఒక్క ఫిన్ (పాదానికి తొడిగే తెడ్డు) దెబ్బకు పోతుంది.

ఒడ్డు నుంచి దిగడం చవకే కానీ సులువు అనుకోవద్దు. పడవ మీదైతే ఒక అంగ వేసి దూకేస్తాం. ఇక్కడ 20 కిలోలకు పైగా మోస్తూ, గుంతలున్న పగడపు బల్ల మీద మోకాళ్ల లోతు నీళ్లలో నడవాలి. గట్టి అడుగున్న బూట్లు తప్పనిసరి, పాదం కప్పే ఫుల్‌ఫుట్ ఫిన్స్‌తో కుదరదు. మాస్క్ మెడలో, రెగ్యులేటర్ నోట్లో, ఫిన్స్ చేతిలో, బీసీడీలో సగం గాలి. తోడు డైవర్ భుజం పట్టుకుని పక్కకి నడవాలి, అలకి ఎదురు ఛాతీ పెట్టకూడదు. నడుము లోతు రాగానే ఇక నడవడం మానేసి పడుకుని తేలుతూ ఫిన్స్ తొడుక్కోవాలి. పడిపోయేవాళ్లందరూ నిలబడి ఒంటికాలి మీద ఫిన్స్ వేసుకోబోయినవాళ్లే. గాలి సాధారణంగా మధ్యాహ్నానికి పెరుగుతుంది కాబట్టి కష్టమైన చోటును పొద్దుటి డైవుకు పెట్టుకోండి, ఊళ్లోనే లైట్‌హౌస్ అనే ప్రశాంతమైన డైవింగ్ చోటును రెండో డైవుకు ఉంచండి.

కోర్సులు జరిగేదీ, ఎన్నిసార్లు దిగినా విసుగు రానిదీ ఆ లైట్‌హౌసే. దాని ఉత్తరాన ఈల్ గార్డెన్‌లో ఇసుక నేలలోంచి వందల సన్నని ఈల్ చేపలు గడ్డిలా నిలబడి ఊగుతుంటాయి. దగ్గరికి వెళ్తే ఒక్కటొక్కటిగా బొరియలోకి జారిపోతాయి. నిశ్చలంగా, శ్వాస నెమ్మదిగా వదులుతూ ఉంటే మళ్లీ లేస్తాయి. క్యానియన్ అనేది 30 మీటర్ల దాకా దిగే చీలిక. ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌కి హద్దు 18 మీటర్లు కాబట్టి దాని లోపలికి ఆ పై స్థాయి అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లే వెళ్లాలి.

బ్లూ హోల్ ఊరికి ఉత్తరాన పది కిలోమీటర్ల లోపే ఉంది. సరైన పద్ధతి ఏమిటంటే పక్కనున్న బెల్స్ అనే పగుల్లోంచి దిగి, గోడను కుడి భుజం వైపు ఉంచుకుని తేలుతూ వచ్చి, ఆరేడు మీటర్ల లోతున్న గట్టు దాటి గుంతలోకి ప్రవేశించడం. గోడ కింద నీలం తప్ప అడుగు కనిపించదు. ఆ గుంత లోతు దాదాపు వంద మీటర్లు. ఆర్చ్ అనే సొరంగం 55 మీటర్ల దగ్గర ఉంది. తేట నీళ్లలో అది దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. వినోదపు డైవింగ్‌కి 40 మీటర్లే ఆఖరి హద్దు. 55 మీటర్ల దగ్గర నైట్రోజన్ మత్తు తలకెక్కుతుంది, ఒక్క సిలిండర్ గాలి నిమిషాల్లో కరిగిపోతుంది. ఒడ్డున రాతి మీద చనిపోయినవాళ్ల పేర్ల ఫలకాలు ఉన్నాయి. ఆర్చ్ చూపిస్తానని ఎవరైనా గైడ్ అంటే ఆ సెంటర్‌తో మిగిలిన డైవులు కూడా రద్దు చేసుకోండి. సర్టిఫికెట్ లేని ఇంటివాళ్లు మాత్రం బ్లూ హోల్ అంచున స్నార్కెల్‌తోనే కడుపునిండా చూడొచ్చు.

లయన్‌ఫిష్, స్టోన్‌ఫిష్ జోలికి వెళ్లకపోతే అవి మన జోలికి రావు. వేసవిలో గూడు కాపలా కాసే టైటన్ ట్రిగ్గర్‌ఫిష్ అలా కాదు, వెంటపడి కరుస్తుంది. దాని హద్దు గూటి నుంచి పైకి పోయేకొద్దీ గరాటులా వెడల్పవుతుంది. కంగారుపడి పైకి పోతే ఇంకా దాని హద్దులోనే ఉంటారు. ఫిన్స్ దాని వైపు పెట్టి అడ్డంగా, అడుగు వెంబడి దూరం జరగాలి.

తిరుగు ప్రయాణం లెక్క ముందే వేసుకోండి. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, వరుసగా చాలా రోజులు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. 24 గంటలు ఆగడం మేలు. ఎక్కువమంది మరిచేది కొండల సంగతి. దహబ్ నుంచి అమ్మే సినాయ్ కొండ యాత్ర 2,285 మీటర్లకు తీసుకెళ్తుంది. అది కూడా విమానంతో సమానమే. కాబట్టి దాన్ని డైవింగ్ మొదలుపెట్టకముందే పెట్టుకోవాలి. ఇదే నియమం ఇక్కడా వర్తిస్తుంది. పొద్దున్న రుషికొండలో డైవ్ చేసి మధ్యాహ్నం కారులో అరకు బయల్దేరడం చాలామంది టూర్ ప్లాన్లలో కనిపిస్తుంది. అరకు 900 మీటర్ల ఎత్తు. ఆ వరుస తిరగేసి అరకు ముందు, డైవ్ తర్వాత పెట్టుకోండి.

బీమా కొనేటప్పుడు స్కూబా డైవింగ్ అన్న మాట పాలసీలో రాతపూర్వకంగా ఉందా, ఎన్ని మీటర్ల దాకా అని చూడండి. డీకంప్రెషన్ జబ్బుకు చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ షర్మ్‌లో ఉంది, చికిత్స ఖర్చు మాత్రం మొత్తం సెలవు ఖర్చును మించిపోతుంది.

తిండికి ఇబ్బంది లేదు. అన్నం, పప్పు, మాకరోనీ, వేయించిన ఉల్లిపాయలతో చేసే కొషారి శాకాహారమే, కడుపు నిండుతుంది. బాకలా (ఫావా చిక్కుడు) గింజలతో చేసే తామెయ్యా మన గారెలకు దూరపు చుట్టంలా ఉంటుంది. కుళాయి నీళ్లు తాగకండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు పది ఇక్కడి నుంచే పెట్టుకెళ్లండి. ఎడారి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, ఒళ్లు ఎండిపోతుంది.

ఇంట్లో ఒక్కరే డైవ్ చేసి, మిగిలినవాళ్లు చిన్న పిల్లలైతే దహబ్ సరైన ఊరు కాదని స్పష్టంగా చెప్పాలి. ఊరి ముందు ఇసుక బీచ్ తక్కువ, రాళ్లు ఎక్కువ. అలాంటివాళ్లకి హుర్గాదా మేలు. అక్కడ హోటల్ బీచ్‌లో పిల్లలు ఆడుకుంటారు, డైవర్ రోజు పడవలో గిఫ్తూన్ దీవుల వైపు పోయివస్తాడు. ఇంకా దక్షిణాన మర్సా ఆలమ్‌లో చాలా హోటళ్లకు ముందే హౌస్ రీఫ్ (హోటల్ ఎదుటి పగడపు దిబ్బ) ఉంటుంది, చెక్క వంతెన మీంచి దిగొచ్చు. అయితే గాలి రోజున ఎర్ర జెండా వేసి వంతెన మూసేస్తారు. బుక్ చేసేముందు పక్క దారి ఉందా అని హోటల్‌కి రాసి అడగండి.

చేతిలో ఐదు రోజులే ఉంటే దహబ్ పెట్టుకోవద్దు, అండమాన్ వెళ్లండి. వీసా లేదు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా స్వరాజ్ ద్వీప్‌లో కోర్సులు బాగా జరుగుతాయి. దహబ్‌కి పోను రెండు రోజులు, రాను రెండు రోజులు, మొదటి రోజు విశ్రాంతి, చివరి 24 గంటలు పొడి. ఇవన్నీ పోను మధ్యలో ఐదు రోజుల డైవింగ్ మిగలాలంటే పదకొండు రోజుల సెలవు కావాలి. అంతకు తగ్గితే డబ్బంతా విమానానికే పోతుంది.